పాత ఓడ చేసిన పెద్ద పని: ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్

మనవి సముద్రం లేని జిల్లాలు. కరీంనగర్, ఆదిలాబాద్ వాళ్ళకు పెద్ద నీళ్ళంటే గోదావరే. అయినా టూర్‌కు విశాఖపట్నం పోయినవాళ్ళు రామకృష్ణా బీచ్‌లో 1971 యుద్ధ విజయ స్మారకాన్ని చూసే ఉంటారు. ఆ విజయంలో పాలుపంచుకున్న ఒక పాత యుద్ధనౌక గురించి చరిత్ర విద్యార్థిగా నేను చదివిన సంగతులు మీతో పంచుకుంటున్నాను.

సెకండ్ హ్యాండ్ ఓడ

రాజ్‌పుత్ మన దేశంలో తయారైన ఓడ కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లోని క్లైడ్‌బ్యాంక్‌లో కట్టగా 1942లో నీళ్ళలోకి దిగింది. అప్పటి పేరు రోథర్‌హామ్. హిందూ మహాసముద్రంలో జపాన్ మీద యుద్ధం చేసింది. 1949లో మన ప్రభుత్వం బ్రిటన్ నుంచి తీసుకున్న మూడు డిస్ట్రాయర్ నౌకల్లో ఇది ఒకటి. మిగతా రెండు రాణా, రంజిత్. సీనియర్లు వదిలిపెట్టిన పుస్తకాలతో మనం పరీక్షలు రాసినట్టే, కొత్త దేశం పాత ఓడలతో నౌకాదళాన్ని నిలబెట్టుకున్నది.

1971లో ఏం జరిగింది?

యుద్ధం వచ్చేనాటికి రాజ్‌పుత్ ముసలిదైపోయింది. మన విమానవాహక నౌక విక్రాంత్‌కు బాయిలర్ దెబ్బతిని వేగం తగ్గింది. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ 1971 నవంబరు 14న కరాచీ నుంచి బయలుదేరింది. ఘాజీ కూడా సెకండ్ హ్యాండ్‌దే. ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికా కట్టిన డయాబ్లో అదే. ఒకే కూటమి కోసం పుట్టిన రెండు నౌకలు పాతికేళ్ళ తర్వాత విశాఖ దగ్గర శత్రువులుగా నిలిచాయి.

తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు పంపి దాచారు. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉన్నదని శత్రువు నమ్మేటట్టు రాజ్‌పుత్ చేత వైర్‌లెస్ సందేశాలు పంపించారు. అంత పెద్ద ఓడకు సరిపోయేటంత సరుకులకు ఆర్డర్లు కూడా ఇప్పించారు.

డిసెంబరు 3 అర్ధరాత్రి రాజ్‌పుత్ రేవు దాటుతుండగా నీళ్ళలో అలజడి కనిపించింది. నీటి అడుగున పేలే డెప్త్ చార్జీలను వదిలింది. కాసేపటికి పెద్ద పేలుడు వినిపించింది. ఘాజీ మునిగింది. అందులోని తొంభైమందికి పైగా నావికులు చనిపోయారు.

ముంచింది ఎవరు?

రాజ్‌పుత్ దాడి వల్లే మునిగిందని మన నౌకాదళం చెప్తుంది. ఘాజీలోని మందుపాతరలే పేలాయని పాకిస్తాన్ అంటుంది. మన మాజీ సైనికాధికారుల్లో కొందరికీ అనుమానాలున్నాయి. 2017లో వచ్చిన ‘ఘాజీ’ సినిమాలో మాత్రం మన జలాంతర్గామి ఒకటి దాన్ని ముంచినట్టు చూపారు. అది కల్పన. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సినిమా చూడండి, కానీ చరిత్రను పుస్తకాల్లో వెతకండి.

ఆఖరి పేలుడుకు కారణం ఏదైనా, ఒక మాట మాత్రం గట్టిగా చెప్పవచ్చు. ఘాజీ విశాఖ దగ్గర వెతుకుతున్నప్పుడు విక్రాంత్ అక్కడ లేదు. డిసెంబరు 4 నుంచి దాని విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి. ఆ ధైర్యం వెనుక పక్కన పెట్టాల్సిన వయసులో పనికొచ్చిన ఓడ ఉన్నది.

1976లో రాజ్‌పుత్ సేవ ముగిసింది. దాని పేరుతోనే 1980లో చేరిన మరో నౌక 2021లో విశాఖలోనే విరమించింది. పాతదని దేన్నీ తక్కువ చేయవద్దు. సీనియర్ ఇచ్చిన పుస్తకాన్ని కూడా! చదివి తర్వాతి వాళ్ళకు భద్రంగా అందించండి.

– పూర్వ విద్యార్థి, ఎం.ఏ. (చరిత్ర)