అందఱి యింటను మూలప్రతి



క్రిందటి సంక్రాంతికి నేను మా యూరు పోయినప్పుడు రచ్చబండకడ కూర్చుండిన ఒక వృద్ధుడు నన్ను పిలిచి యిట్లడిగెను: "అబ్బాయీ, మా పెద్దమనుమడు హైదరాబాదులో నున్నాడు, చిన్నవాడు అమెరికాలో నున్నాడు. ఇద్దఱును ఒకే ప్రోగ్రామును వ్రాయుచున్నామని చెప్పుదురు. ఒకరి వ్రాతను మఱొకరు చెడగొట్టుకొనరా? అందులో తప్పు దొరలినచో అది ఎవరిదని తేల్చుట యెట్లు?" నేను ఇరువది యేండ్లుగా ఆ వృత్తిలోనే యున్నవాడను. అయినను ఆ ప్రశ్నకు నిలిచిన పాటున సమాధానము చెప్పలేకపోతిని. నాడు చెప్పలేనిదానిని నేడు మీ యందఱి యెదుట చెప్పబూనితిని.

యంత్రము చేయవలసిన పనిని పంక్తి వెంట పంక్తిగా వ్రాసి యుంచిన ఆజ్ఞల పుస్తకమే ప్రోగ్రాము. ఇట్టి పుస్తకము ఎన్నటికిని పూర్తి కాదు. ప్రతిదినము ఎవరో యొకరు ఒక పంక్తి చేర్చుదురు, మఱొకరు ఒక పంక్తి కొట్టివేయుదురు. కావున నిన్న ఎట్లుండెను, నేడెట్లున్నది, మార్చినవారెవరు, ఏల మార్చిరి అను నాలుగు సంగతులకును లెక్క యుండవలెను. ఆ లెక్క నుంచు పద్ధతికే వెర్షన్ కంట్రోలు అని పేరు. మనము ప్రతుల లెక్క యని చెప్పుకొనవచ్చును.

1972లో అమెరికాలోని బెల్ లాబరేటరీస్ అను పరిశోధనాలయమున మార్క్ రాచ్‌కైండ్ అను నాతడు ఇట్టి సాధనమొకటి రచించెను. పిమ్మట వచ్చిన సాధనములలో పెక్కు, ఆ లెక్కపుస్తకము నొక పెద్దయంత్రమున నుంచి, పనివారందఱును దానికడకు వచ్చి కావలసిన పుటలను వ్రాసికొని పోవునట్లు ఏర్పాటు చేసినవి. పూర్వము కరణముగారి పెట్టెలో ఊరి లెక్కలన్నియు ఉండిన చందమిది. కరణముగారు ఊర లేనినాడు పని సాగదు. పెట్టెకు చెదలు పట్టినచో ఊరి లెక్కయే పోవును.

ఆ కష్టమును నేను స్వయముగా అనుభవించితిని. నేను ఉద్యోగమున చేరిన తొలియేట మా కార్యాలయములో అట్టి యంత్రమొకటి యుండెను. ఒక సోమవారము ఉదయము దాని డిస్కు పాడయ్యెను. దానికి ప్రతిరాత్రియు నకలు తీయుచున్నారని మేమందఱము నమ్మియుంటిమి. విచారింపగా ఉన్న నకలు మూడు వారముల నాటిది. మా చేతులలో నున్నవి నాటి పుటలు మాత్రమే. వాని వెనుకటి చరిత్ర యంతయు ఆ యంత్రముతోడనే పోయెను. నాతో పనిచేయుచుండిన ఒక మిత్రుడు, తాను రాత్రులు మేల్కొని సరిదిద్దిన తప్పును ఎట్లు సరిదిద్దెనో జ్ఞప్తికి రాక తల పట్టుకొని కూర్చుండిన దృశ్యము నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది.

ఈ కొఱతను తీర్చిన పద్ధతియే వికేంద్రీకృతమైన వెర్షన్ కంట్రోలు. దాని చరిత్ర లైనక్సు అను ప్రోగ్రాముతో ముడివడి యున్నది. 1991లో ఫిన్లండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థిగా నుండిన లినస్ టోర్వాల్డ్స్ దీనిని ప్రారంభించెను. మీలో పలువురి చేతనున్న ఆండ్రాయిడు ఫోను నడచుచున్నది దీని ఆధారముననే. ఇందలి పంక్తులు మూడుకోట్లకు మించినవి. ఒక్కొక్క క్రొత్త కూర్పులో నానాదేశములవారు వేయిమందికి పైగా పాలుపంచుకొందురు. మొదట మార్పులన్నియు ఉత్తరములుగా ఆయనకు చేరెడివి. ఆయన వానిని చదివి కలుపుకొనెడివాడు. పని పెరిగి ఒక్కనివలన కాకపోగా, 2002 మొదలు బిట్‌కీపర్ అను సాధనమును వాడసాగిరి.

2003 నవంబరులో ఒక విచిత్రము జరిగెను. లైనక్సు మూలప్రతి బిట్‌కీపర్‌లో నుండెను. పాతసాధనమునకు అలవాటుపడినవారి కొఱకు దానికొక పిల్లప్రతి వేఱుగా నుండెను. ఎవడో దొంగ ఆ పిల్లప్రతిలో జొరబడి రెండు పంక్తులు చేర్చెను. ఆ భాషలో రెండు సమానపు గుర్తులు వరుసగా వ్రాసినచో అది ప్రశ్న. ఒక్కటే వ్రాసినచో అది ఆజ్ఞ. దొంగ ఒక్కటే వ్రాసెను. అంతమాత్రమున "ఇతడు యజమానియా?" అని యడుగవలసిన వాక్యము "ఇతడు యజమాని యగుగాక" అను శాసనముగా మాఱెను. అది అట్లే వ్యాపించియుండినచో, ఆ కిటుకు నెఱిగినవాడు లైనక్సు యంత్రములపై సర్వాధికారము చేజిక్కించుకొనగలిగెడివాడు. మూలప్రతిలో లేని మార్పు పిల్లప్రతిలో కనబడినందున గుట్టు బయటపడెను. పొరుగున సరిచూచుకొనుటకు వేఱొక ప్రతి యుండుటయే అప్పుడు రక్షించినది.

2005లో బిట్‌కీపర్ సంస్థవారు ఉచితముగా వాడుకొను సౌకర్యమును ఉపసంహరించుకొనిరి. టోర్వాల్డ్స్ తన పనిని కొంత ఆపి, ఏప్రిలు 3వ తేదీన క్రొత్తసాధన మొకటి వ్రాయనారంభించెను. దాని పేరు గిట్. 7వ తేదీనాటికి గిట్ తన చరిత్రను తానే వ్రాసికొనుచుండెను! ఆ యేడు జులైలో దాని పోషణభారమును జూనియో హమానో అను నాతనికి అప్పగించెను. మీ మనుమల నోట మీరు వినుచుండు మాట బహుశః ఇదియే.

గిట్ పద్ధతి యెట్టిదో చెప్పెదను. పనిలో చేరినవాడు మొదట పుస్తకమునంతయు నకలు తీసికొనును. దీనికి క్లోను అని పేరు. ఆ నకలు నేటి పుటలు మాత్రమే కాదు. మొదటి దినము మొదలు జరిగిన మార్పులన్నిటి చరిత్రతో గూడినది. పిదప ఆతడు తన యింట, ఇంటర్నెట్టు లేకున్నను, పని చేసికొనవచ్చును. పని యొక కొలిక్కి వచ్చినప్పుడు తన పేరు, కాలము, మార్పునకు కారణము వ్రాసి పద్దు వేయును, అది కమిట్. తీరిక యైనప్పుడు తన పద్దులను ఇతరులకు పంపును, ఇతరుల పద్దులను తాను తెచ్చుకొనును. పంపుట పుష్, తెచ్చుకొనుట పుల్.

మఱి ఇన్ని ప్రతులలో ఏది నమ్మదగినది? ఇచ్చట గిట్ చేసిన యుపాయము మీకు క్రొత్త కాదు. పద్దుపుస్తకమున ఒక పుట నిండినప్పుడు దాని మొత్తమును తరువాతి పుట తలపై వ్రాయుదుము. అందుచేత మొదటిపుటలో ఒక అంకె దిద్దినచో అటుపిమ్మటి పుటలన్నియు తప్పిపోవును. గిట్ కూడ అట్లే ప్రతిపద్దులోని విషయమంతయు గుణించి 40 అక్షరముల గుర్తు నొకదానిని తీయును. ఆ గుర్తే పద్దునకు పేరు. ప్రతిపద్దులోను దానికి ముందటి పద్దు పేరు వ్రాసియుండును. పాతపద్దులో ఒక్క అక్షరము మార్చినను దాని పేరు మాఱును, దాని వెంట తరువాతి పేర్లన్నియు మాఱును. ఆ గుర్తును గుణించు పద్ధతిలోని లోపమును 2017లో పరిశోధకులు నిరూపించి చూపిరి. అందుచేత దానికి క్రొత్త కట్టుదిట్టములు చేసిరి. కాపలా ఒక్కనాటితో తీరునది కాదు.

2011 ఆగస్టులో దీని బలము తేటపడెను. లైనక్సు ప్రతిని ప్రపంచమునకు అందించు కెర్నెల్.ఆర్గ్ యంత్రములలో దొంగలు జొరబడిరి. కొన్నివారములు ఆ స్థానమును మూసివేయవలసి వచ్చెను. అయినను గ్రంథము చెడునను భయము లేకపోయెను. ఏలన, దాని సంపూర్ణచరిత్ర వేలకొలది జనుల యిండ్లలో నుండెను. ఒక్క పాతపద్దు మాఱినను వారి ప్రతులతో పేరు కలియక పోవును. టోర్వాల్డ్స్ మఱొకచోట ప్రతి నుంచి పని సాగించెను. మా కార్యాలయమున ఒక డిస్కు పోయిననాటి దుఃఖమును, ఈ ధైర్యమును పోల్చి చూచుకొనుడు.

ఇక ముసలాయన మొదటి ప్రశ్న. ఇద్దఱు ఒకే కాలమున దిద్దినచో నేమగును? జాతర ఖర్చుల పట్టిక యొకటి యున్నదనుకొనుడు. రామయ్య ఒక నకలు, సీతమ్మ ఒక నకలు తీసికొనిరి. రామయ్య అయిదవ పంక్తిలో నూనె ధర మార్చెను. సీతమ్మ పండ్రెండవ పంక్తిలో పందిరి కూలి మార్చెను. ఈ రెండు నకళ్లను మాత్రమే చూచినచో, ఏ పంక్తిని ఎవరు మార్చిరో తెలియదు. తొలి పట్టికను గూడ ప్రక్కన పెట్టుకొన్నచో వెంటనే తెలియును. భాగపు తగవు తీర్చు పెద్దమనిషి మొదట పాతకాగితము తెమ్మనుట యిందులకే గదా! గిట్ కూడ ఇద్దఱికిని ఉమ్మడియైన తొలిప్రతిని వెదకి, మూడింటిని సరిచూచి రెండు మార్పులను కలుపును. దీనికి మెర్జి యని పేరు.

ఇద్దఱును ఆ నూనె ధరనే మార్చియుండినచో? అప్పుడు గిట్ తీర్పు చెప్పదు. రెండు వ్రాతలను ప్రక్కప్రక్కన చూపి ఆగిపోవును. ఏది సరియో మనుష్యులే మాటలాడుకొని తేల్చుకొనవలెను. యంత్రము తెలియనిచోట తెలియదని నిలుచుట దాని మంచిగుణములలో నొకటి.

అందఱి యింటను మూలప్రతి యున్నదన్నంతమాత్రమున పెద్ద లేడని భావింపరాదు. లైనక్సునకు నేటికిని టోర్వాల్డ్స్ ప్రతినే జనులు ప్రమాణముగా గైకొందురు. కాని ఆ గౌరవము ఆయన పనిపై గల నమ్మకమువలన వచ్చినది. పెట్టె ఆయన చేతనుండుటవలన కాదు.

రెండు హెచ్చరికలు చెప్పవలెను. పద్దు వేసి ఎవరికిని పంపనివాని పని వాని యంత్రముతోడనే పోవును, పంచుకొన్ననాడే రక్షణ. అట్లే తాళపుమాట వంటి రహస్యమును పొరపాటున పద్దులో వ్రాసి పంపినచో, అది అందఱి ప్రతులలోను చేరును. వెనుకకు తెచ్చుకొనుట అసాధ్యము. అప్పుడు తాళమునే మార్చవలెను.

ఆ వృద్ధునకు నేడు నేనిట్లు చెప్పుదును: తాతగారూ, మీ మనుమలిద్దఱును ఒకరి వ్రాత నొకరు చెడగొట్టుకొనలేరు, చెడగొట్టినను వెనుకటి ప్రతి యిద్దఱి యింటను ఉన్నది. తప్పు ఏ పద్దులో వచ్చినదో, అది ఎవరి పేరిట నున్నదో, ఏల వ్రాసిరో అన్నియు చూడవచ్చును. తప్పు చేసినవానిని పట్టుటకన్న, తప్పును భయము లేక దిద్దుకొనుటకే ఆ లెక్క యెక్కువగా పనికివచ్చును.