మన్ను లేని సేద్యము – అంగడిలో మెలకువ

బాలలారా! మన్ను లేకయే, పోషక లవణములు కరగిన నీటితో మొక్కలను పెంచు విధానమునకు హైడ్రోపోనిక్స్ అని పేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞుడు గెరికె 1937లో ఈ పేరును లోకమునకు తెలిపెను.

దీనికి వలయు సామగ్రి నమ్ము అంగళ్ళు నేడు హైదరాబాదు వంటి నగరములందు కలవు. అచ్చట దొరకు కొబ్బరిపొట్టు, కాల్చిన బంకమట్టి గుండ్లు వేళ్ళకు ఊతమే కాని ఆహారము కావు. ఆహారమగు ఎరువు తరచుగా రెండు పొట్లములుగా నుండును.

రెండేల? ఒకదానిలోని కాల్షియము, వేరొకదానిలోని సల్ఫేటు చిక్కగా కలిసినచో జిప్సమై అడుగున పేరుకొనును, మొక్క పస్తుండును. కావున రెండింటిని వేర్వేరుగ కరగించి, పిమ్మట తొట్టిలోని విస్తారమగు నీటిలో ఒకదాని తరువాత నొకటి పోయవలెను.

ఈ సంగతి నెరుగక కొన్న సరకు వ్యర్థమగును. వెల నడుగుటకు ముందు వినియోగము నడుగుడు.