కారు ఎగ్జాస్ట్ వ్యవస్థ: అరిగిన భాగాలను గుర్తించడం, మార్చడం

ఇంజన్‌లో ఇంధనం మండగా మిగిలిన వాయువులను బయటకు పంపే మార్గమే ఎగ్జాస్ట్ వ్యవస్థ. వాడుకలో దీన్నంతటినీ కలిపి ‘సైలెన్సర్’ అంటారు. నిజానికి సైలెన్సర్, అంటే మఫ్లర్, అందులో ఒక భాగం మాత్రమే. ఇంజన్‌కు బిగించిన మానిఫోల్డ్, ఆక్సిజన్ సెన్సర్, కేటలిటిక్ కన్వర్టర్, మఫ్లర్, చివరి గొట్టం, వీటిని కారు అడుగున వేలాడదీసే రబ్బర్లు అన్నీ కలిస్తేనే వ్యవస్థ.

మఫ్లర్‌కు తుప్పు బయటి వాన వల్లే పడుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువగా అది లోపలి నుంచే మొదలవుతుంది. పెట్రోలులోని హైడ్రోజన్ మండితే నీరు ఏర్పడుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే వచ్చే నీరు కూడా దాదాపు ఒక లీటరే! దూర ప్రయాణంలో గొట్టమంతా వేడెక్కి అది ఆవిరిగా బయటకు పోతుంది. దోమలగూడలో బయలుదేరి చిక్కడపల్లిలో కూరగాయలు కొని, నారాయణగూడ మీదుగా ఇంటికి చేరే కారు సంగతి వేరు. ఆ కొద్ది దూరంలో వెనుక ఉన్న మఫ్లర్ సరిగా వేడెక్కదు. ఆవిరి అక్కడే నీరుగా మారి, వాయువుల్లోని ఆమ్ల గుణాన్ని కలుపుకుని రేకును తింటుంది. తక్కువ తిరిగిన కారు మఫ్లరే ముందు గుల్లబారడానికి కారణం ఇదే. చాలా మఫ్లర్లకు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అది నీరు కారిపోవడానికి తయారీదారు పెట్టినది. చిల్లు అనుకుని వెల్డింగ్ చేయించకండి.

ఈ ప్రాంతానికి మరో ఇబ్బంది ఉంది. హుస్సేన్ సాగర్ మిగులు నీటి నాలా దోమలగూడ, అశోక్‌నగర్‌ల మీదుగానే సాగుతుంది. 2000 ఆగస్టు వరదలో ఈ లోతట్టు వీధులు నీట మునిగాయి. నిలిపి ఉంచిన కారు అలా మునిగితే వెనుక గొట్టం గుండా బురద నీరు లోపలికి చేరుతుంది. అలాంటి కారును మెకానిక్ చూడకుండా స్టార్ట్ చేయకూడదు.

శబ్దం పెరిగితే చెవికి తెలుస్తుంది. తెలియనిది కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. కన్వర్టర్‌లోని ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూత దాన్ని చాలావరకు కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. కాబట్టి కన్వర్టర్‌కు ముందున్న లీకు, మఫ్లర్ చిల్లు కంటే ఎంతో ప్రమాదకరం. ఆగి ఉన్న కారులో అద్దాలు మూసి, ఏసీ వేసుకుని నిద్రపోవడం ప్రాణం మీదికి తెస్తుంది. ప్రయాణంలో తలనొప్పి, మగత, వాంతి వచ్చేట్టుండటం కనిపిస్తే వెంటనే కారు ఆపి గాలిలోకి దిగండి. మరమ్మతు సంగతి తర్వాత. సెన్సర్ దగ్గర లీకైతే మరో నష్టం కూడా ఉంది: బయటి గాలిని అది మిగులు ఆక్సిజన్‌గా లెక్కించడం వల్ల ఇంజన్‌కు అనవసరంగా ఎక్కువ పెట్రోలు అందుతుంది, మైలేజీ పడిపోతుంది.

చల్లారిన కన్వర్టర్‌ను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినప్పుడు గలగలమంటే లోపలి పింగాణీ తేనెపట్టు విరిగిందన్నమాట. స్పార్క్ ప్లగ్ సరిగా పనిచేయక మండని పెట్రోలు అక్కడికి చేరి మండటం దీనికి తరచు కారణం. ఆ లోపం సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది. ‘తీసేసి ఖాళీ గొట్టం పెడతాం, పికప్ పెరుగుతుంది’ అన్న సలహాను నేనైతే అంగీకరించను. అది చట్టవిరుద్ధం కూడా. మార్పించినప్పుడు పాతదాన్ని అడిగి తీసుకోండి. అందులోని లోహాలకు మంచి ధర ఉంటుంది.

మార్చే పని ఇంజన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరవద్దు, స్టాండ్లు తప్పనిసరి. తుప్పు పట్టిన నట్లకు ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పట్టించండి. పాత ప్యాకింగ్ బాగున్నట్టు కనిపించినా మళ్లీ వాడకూడదు. కొత్త భాగాన్ని ముందు రబ్బర్లకు వేలాడదీసి, నట్లన్నీ వదులుగా ఎక్కించి, గొట్టం ఎక్కడా బాడీకి తగలడం లేదని చూశాక ఇంజన్ వైపు నుంచి వెనక్కి బిగించుకుంటూ రావాలి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, అది వేడెక్కకముందే అతుకుల మీద సబ్బునీళ్లు పోయండి. బుడగలు వచ్చిన చోట లీకు ఉన్నట్టే. వేడికి లోహం వ్యాకోచించి, చల్లారి, మళ్లీ వ్యాకోచిస్తుంది కనుక వారం తిరిగాక నట్లను మరోసారి బిగించాలి.