రెయిన్ మోడ్‌లో ఓవర్‌టేక్

పోయిన సెలవుల్లో మా బావ బండి అడిగి తీసుకుని విజయవాడ నుంచి గుంటూరు బయల్దేరాను. ముందు రోజు వాన పడిందని బావ దాన్ని రెయిన్ మోడ్‌లో పెట్టి అలాగే వదిలేశాడు. ఆ సంగతి నాకు తెలీదు. మంగళగిరి దాటాక ఒక లారీని ఓవర్‌టేక్ చేద్దామని కుడి లేన్‌లోకి వచ్చి యాక్సిలరేటర్ మొత్తం తిప్పేశాను. బండి లాగింది గానీ నేను అనుకున్నంత లాగలేదు. పక్కన లారీ చక్రాలు, వెనక బస్సు హారన్. గుండె జారిపోయింది. ఎలాగో వేగం తగ్గించి మళ్లీ లారీ వెనక్కే చేరాను. ఇంటికొచ్చాక చెప్తే, "మోడ్ చూసుకోలేదా రా?" అన్నాడు బావ.

బటన్ నొక్కితే ఇంజిన్ మారదు కదా, మరి మారేదేంటి?

పాత బళ్లలో యాక్సిలరేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండేది ఒక కేబుల్. మనం ఎంత తిప్పితే థ్రాటిల్ వాల్వ్ అంత తెరుచుకునేది. 2007లో వచ్చిన సుజుకి జీఎస్ఎక్స్-ఆర్1000 ఆ కేబుల్‌ని ఉంచుకునే, కంప్యూటర్ నడిపే రెండో వాల్వ్ సాయంతో ఎ, బి, సి అని మూడు మోడ్‌లు ఇచ్చింది. ఇప్పుడు చాలా బళ్లలో కేబుల్ పనే లేదు. హ్యాండిల్ దగ్గర సెన్సర్ మన చేయి ఎంత తిరిగిందో కొలుస్తుంది, ఈసీయూ ఒక పట్టిక చూస్తుంది, చిన్న మోటార్ వాల్వ్‌ని తెరుస్తుంది. ఆ పట్టికనే మ్యాప్ అంటారు. మోడ్ మార్చడమంటే ముఖ్యంగా ఆ మ్యాప్ మార్చడమే. అంటే యాక్సిలరేటర్ తిప్పి మనం పెట్టేది ఒక అర్జీ మాత్రమే, ఎంత మంజూరు చేయాలో ఈసీయూ చూసుకుంటుంది.

మంజూరులో తేడా రెండు రకాలు. ఒకటి, రెస్పాన్స్. చేయి అంతే తిప్పినా రెయిన్‌లో వాల్వ్ తక్కువగా, నెమ్మదిగా తెరుచుకుంటుంది. రెండోది, గరిష్ఠ పవర్. కొన్ని బళ్లు దీని జోలికి పోవు, మొత్తం తిప్పితే మొత్తం ఇచ్చేస్తాయి. కొన్ని మాత్రం పైన కోత పెడతాయి.

2020లో వచ్చిన బీఎస్6 టీవీఎస్ అపాచీ ఆర్‌ఆర్ 310 లెక్క చూడండి. స్పోర్ట్, ట్రాక్ మోడ్‌లలో 9,700 ఆర్‌పీఎం దగ్గర 34 పీఎస్ పవర్, 27.3 న్యూటన్ మీటర్ల టార్క్. అర్బన్, రెయిన్ మోడ్‌లలో 7,700 ఆర్‌పీఎం దగ్గర 25.8 పీఎస్, 25 న్యూటన్ మీటర్లు. గరిష్ఠ టార్క్ తగ్గింది 8 శాతమే, పవర్ మాత్రం 24 శాతం! ఎందుకంటే పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించడం. కోత ఎక్కువగా పడింది పై ఆర్‌పీఎంల మీద. అందుకే సిటీలో సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు పెద్ద లోటు అనిపించదు. హైవే మీద వేగంగా వెళ్తూ ఇంకాస్త కావాలన్నప్పుడే దెబ్బ తెలుస్తుంది. నాకు జరిగింది అదే.

దీనికి రెండో వైపూ ఉంది. రెయిన్ మోడ్‌లో పెట్టాం కదా, ఇక జారదులే అనుకునేవాళ్లు మన హాస్టల్‌లోనే బోలెడుమంది. వెనక చక్రానికి టార్క్ ఒక్కసారిగా వెళ్లి అది గిర్రున తిరిగిపోకుండా ఆ మోడ్ కాస్త కాపాడుతుంది, నిజమే. కానీ టైరుకీ తడి రోడ్డుకీ మధ్య ఉన్న పట్టు ఒక్క పిసరు కూడా పెరగదు. మలుపులో ఎక్కువ వంచినా, అరిగిన టైరుతో సడన్ బ్రేక్ వేసినా ఏ మ్యాపూ అడ్డుపడదు. కొన్ని బళ్లలో మోడ్‌తో పాటు ఏబీఎస్ సెట్టింగ్ కూడా మారుతుంది గానీ, అదీ ఉన్న పట్టుని వాడుకోవడమే, కొత్తగా పుట్టించేది కాదు.

కాబట్టి బండి తీసేముందు స్క్రీన్ మీద మోడ్ ఒకసారి చూసుకోండి. మధ్యలో మార్చాలంటే యాక్సిలరేటర్ వదిలి మార్చండి. చాలా బళ్లు అలా అయితేనే ఒప్పుకుంటాయి. లేకపోతే తిప్పి ఉన్న చేతికి కొత్త మ్యాప్ అందుకుని బండి కుదుపు ఇస్తుంది. కొత్త మోడ్‌లో అది ఎంత లాగుతుందో ఖాళీ రోడ్డు మీద చూసుకున్నాకే లారీల పక్కకి వెళ్లండి.

నేనైతే ఇప్పుడు ఎవరి బండి అడిగినా తాళం తీసుకుంటూనే "ఏ మోడ్‌లో ఉంది?" అని అడుగుతున్నా. బావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.