పెరటికి మందు కాదు... చూపు కావాలి!

నాలుగు టమోటా మొక్కలు, రెండు వంగ చెట్లు, గోడకు పాకించిన అనపపాదు. పెరట్లో ఇవి ఉంటే చాలు, ఇంటిల్లిపాదికీ సంబరమే. కానీ ఆ కాపు మనకంటే ముందు పురుగు కంట్లోనో, కోతి కంట్లోనో పడుతుంది. అప్పుడేం చేయాలి?

మదనపల్లె అనగానే గుర్తొచ్చేది టమోటా. అక్కడి మార్కెట్‌కు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం... ఈ మూడూ సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైగా ఎత్తున్న ఊళ్లు. మైదానాల్లో ఉన్నంత మంట ఇక్కడి ఎండల్లో ఉండదు. ఏడాది పొడవునా పెరట్లో ఏదో ఒకటి కాస్తూనే ఉంటుంది. చిక్కల్లా అక్కడే. ఏడాదంతా కాపుంటే పురుగుకూ ఏడాదంతా పండగే. చుట్టూ టమోటా చేలున్న చోట, తెల్లదోమ మన గోడ దాటి రావడానికి ఎంతసేపు?

అలాంటప్పుడు చాలామంది చేసే పని ఒకటే. చేనుకు తెచ్చిన మందులోంచి ఓ మూతెడు తీసి పెరట్లో చల్లేస్తారు. పురుగుకన్నా పెద్ద ప్రమాదం అదే. మందు కొట్టాక ఎన్ని రోజులాగి కాయ కోయాలో డబ్బా మీద రాసి ఉంటుంది. పెరట్లో ఆ లెక్క కుదరదు. ఒకే చెట్టుకు పువ్వూ, పిందే, పండూ ఉంటాయి. పొద్దున చల్లితే సాయంత్రం పులుసులోకి వెళ్లేది ఆ పండే! కూరగాయలపై మోనోక్రోటోఫాస్ వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధం పెట్టింది. డబ్బా మీద ఎరుపు రంగు గుర్తుంటే అది అత్యంత విషపూరితమని అర్థం. పసుపు, నీలం, ఆకుపచ్చ ఆ తర్వాతి స్థాయిలు. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం మరీ ప్రమాదం. పిల్లలకు సీసా తెలుస్తుంది కానీ లోపలున్నదేమిటో తెలియదు.

నిజానికి రైతుకు లేని సౌకర్యం పెరటివాళ్లకు ఉంది. ఎకరాల్లో ఉన్న వేల మొక్కలను ఆయన ఆకు ఆకూ తిప్పి చూడలేడు. ఇంట్లో ఉన్న పది మొక్కలను మనం చూడగలం. రోజూ పది నిమిషాలు చాలు.

మదనపల్లె టమోటా పాఠం

ఆకుల అడుగు తిప్పి చూడండి. తెల్లటి చిన్న దోమలు లేస్తే అవి రసం పీల్చడమే కాదు, ఆకుముడత వైరస్‌నూ మోసుకొస్తాయి. ముడత పడిన మొక్కకు మందు లేదు. లేతగా ఉండగానే పీకేస్తే మిగతావి దక్కుతాయి. పసుపు రంగు వేసిన డబ్బా మూతకు ఆముదం రాసి మొక్కల మధ్య కర్రకు కట్టండి. ఆ రంగుకు ఆశపడి వచ్చిన దోమలు జిడ్డుకు అంటుకుపోతాయి.

ఆకు మీద తెల్లటి మచ్చలు సాగి, కాయ మీద గుండుసూది గుచ్చినట్టు రంధ్రాలు కనిపిస్తే అది టూటా పురుగు పని. దక్షిణ అమెరికాలో పుట్టిన ఈ పురుగు మన దేశంలో మొదట 2014లో మహారాష్ట్రలో బయటపడింది. ఆ ఆకులనూ కాయలనూ కోసి ఎరువు గుంతలో వేయకండి. ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి ఎండలో పడేయండి.

కాయతొలుచు పురుగుకు బంతిపూలంటే ఇష్టం. అందుకే 16 సాళ్ల టమోటాకు ఒక సాలు బంతి వేయమని బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రైతులకు చెబుతుంది. పెరట్లో అయితే రెండు మూడు బంతి మొక్కలు సరిపోతాయి. పురుగు పువ్వులకు పోతుంది, పువ్వులు గుమ్మానికి పనికొస్తాయి.

పుంగనూరు పెరటి వైద్యం

మూడడుగుల ఎత్తుండే పొట్టి ఆవుకు పుట్టినిల్లు పుంగనూరు. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు వేపాకు నూరి, గోమూత్రం, కాస్త పేడ నీళ్లలో కలిపి ఒకరోజు నానబెట్టి వడకట్టి చల్లుతారు. దాన్నే నీమాస్త్రం అంటారు. పుంగనూరు ఆవే కావాలని లేదు, ఏ నాటు ఆవుదైనా సరే. అయితే పచ్చిగా తినే కొత్తిమీర లాంటి వాటిమీద పేడ కలిసినది చల్లకండి.

ఆవు లేనివాళ్లకు వేపగింజలున్నాయి. 50 గ్రాముల పప్పు పొడిని లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. వడకట్టి, గ్రాము సబ్బు కలిపి సాయంత్రం పూట చల్లాలి. చలికాలంలో అనపపాదుకు నల్లగా పేనుబంక పడితే మంచు ఆరకముందే జల్లెడ పట్టిన కట్టెల బూడిద చల్లండి. సంక్రాంతికి పితికిపప్పు దక్కాలంటే ఈ జాగ్రత్త తప్పదు మరి!

అన్నీ శత్రువులు కావు

ఎర్ర రెక్కల మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగును చంపకండి. అదీ దాని పిల్లలూ పేనుబంకను తిని బతుకుతాయి. మందు చల్లితే ముందు పోయేవి ఇలాంటి మిత్రులే. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయికి పట్టిన పిండినల్లి, మందులకు లొంగలేదు. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చి వదిలిన గసగసం గింజంత పరాన్నజీవులు దాన్ని అణిచేశాయి.

కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించే గొంగళి కూడా రేపటి సీతాకోకచిలుకే. దానికో కొమ్మ వదిలేస్తే పిల్లలకు ఇంట్లోనే సైన్సు పాఠం.

నత్తలు చేరితే సాయంత్రం తడి గోనెసంచి పరిచి, దాని కింద బొప్పాయి ఆకులు పెట్టండి. తెల్లారేసరికి అన్నీ అక్కడే ఉంటాయి. చేతికి తొడుగు వేసుకుని ఏరేయండి. ఉప్పు చల్లితే నేల పాడవుతుంది.

కుప్పంలో పెద్ద చుట్టాలు

మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం వైపు అడవి అంచు ఊళ్లలో పురుగులొక్కటే కాదు, ఏనుగులూ వస్తాయి. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు ఇటు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. గుంపులను అడవిలోకి మళ్లించేందుకు 2025లో కర్ణాటక నుంచి శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను తెచ్చారు. ఇంటి పక్కనే అరటి గెల, పనసపండు మాగబెడితే ఆ వాసన వాటికి పిలుపే. ముగ్గకముందే కోసేయడం మేలు. ఏనుగు కనిపిస్తే ఎదురెళ్లకుండా అటవీ సిబ్బందికి చెప్పాలి. కంచెకు కరెంటు పెట్టడం నేరం. ఆ తీగ ఏనుగునే కాదు, పొద్దున నీళ్లు పట్టడానికి వెళ్లిన మనిషినీ చంపుతుంది.

కోతులకు ఒక్కసారి పండు అందిస్తే రోజూ వస్తాయి. పెట్టకపోవడమే మందు. నెమళ్లు నారు పొడుస్తుంటే వల కప్పండి.

ఇంత చేసినా పది కాయల్లో రెండు పోవచ్చు. పోనివ్వండి. మిగిలిన ఎనిమిదింటిని చెట్టు మీద నుంచి కోసి, కడిగి, అనుమానం లేకుండా పిల్లల చేతిలో పెట్టవచ్చు. ఇంట్లో కూరగాయలు పండించుకునేది అందుకేగా!