రొమ్ము క్యాన్సర్: చికిత్సకు ముందు ఎంఆర్ఐ ఎందుకు?

మామోగ్రామ్ తీశారు. అల్ట్రాసౌండ్ చేశారు. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరేనని తేలింది. ఇంత జరిగాక డాక్టర్ ఎంఆర్ఐ కూడా రాస్తే రోగికీ, ఇంట్లోవాళ్లకూ వచ్చే సందేహం ఒకటే. జబ్బేమిటో తెలిసిపోయింది కదా, మళ్లీ ఈ స్కాన్ ఎందుకు?

క్యాన్సర్ ఉందని తెలిశాక, అది ఎంతమేర ఉందో తెలియాలి. కణితి ఒక్కటేనా, పక్కన మరొకటి ఉందా? ఛాతీ కండరం దాకా పాకిందా? రెండో రొమ్ములో ఏమైనా ఉందా? కణితిని మాత్రమే తీయాలా, రొమ్ము మొత్తం తీయాలా, ముందు కీమోథెరపీ ఇవ్వాలా అన్న నిర్ణయాలు ఈ జవాబుల మీదే ఆధారపడతాయి. గ్లోబోకాన్ అంచనాల ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఇలాంటి నిర్ణయం ఎన్ని ఇళ్లలో తీసుకోవాల్సి వస్తోందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

నీటిలోని హైడ్రోజనే ఆధారం

మామోగ్రామ్ ఎక్స్‌రేలతో తీసే చిత్రం. ఎంఆర్ఐలో ఎక్స్‌రేలు ఉండవు. మన శరీరంలోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ విస్తారంగా ఉంటుంది. హైడ్రోజన్ కేంద్రకమైన ప్రోటాన్ అతి చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆస్పత్రుల్లో ఎక్కువగా కనిపించే 1.5 టెస్లా యంత్రం భూమి అయస్కాంత క్షేత్రం కంటే దాదాపు 30,000 రెట్లు బలమైనది. అంత బలమైన క్షేత్రంలోనూ క్షేత్రం దిశకు మొగ్గే ప్రోటాన్లు, ఎదురు దిశకు మొగ్గేవాటి కంటే పది లక్షలకు దాదాపు అయిదు మాత్రమే ఎక్కువ. శరీరంలో ప్రోటాన్లు లెక్కలేనన్ని ఉండటం వల్ల ఆ కొద్దిపాటి తేడా కూడా చిత్రం తీయడానికి సరిపోతుంది.

యంత్రం సుమారు 64 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పంపుతుంది. ఇది ఎఫ్ఎం స్టేషన్ల పౌనఃపున్యం కంటే కాస్త తక్కువ. ఆ శక్తిని తీసుకుని పక్కకు ఒరిగిన ప్రోటాన్లు, తరంగం ఆగగానే తిరిగి మామూలు స్థితికి వస్తూ బలహీనమైన సంకేతం ఇస్తాయి. కొవ్వులో, నీటిలో, కణితిలో ఈ తిరుగు ప్రయాణానికి పట్టే సమయం వేరువేరుగా ఉంటుంది. కంప్యూటర్ ఆ తేడాలనే చిత్రంగా మారుస్తుంది.

కణితిని పట్టించేది రక్తప్రవాహం

అయితే ఈ తేడా ఒక్కటే ఉంటే రొమ్ములో కణితిని గుర్తించడం కష్టమే. అందుకే చేతి నరం ద్వారా గాడోలినియం కలిసిన మందు ఎక్కిస్తారు. గాడోలినియం అయానులో జతలేని ఎలక్ట్రాన్లు ఏడు ఉంటాయి. వాటి ప్రభావంతో చుట్టుపక్కల నీటి ప్రోటాన్లు త్వరగా మామూలు స్థితికి వస్తాయి. ఫలితంగా ఆ భాగం చిత్రంలో తెల్లగా మెరుస్తుంది. విడిగా గాడోలినియం విషపదార్థమే. కాబట్టి దాన్ని మరో అణువులో గట్టిగా బంధించి వాడతారు. తర్వాత మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి. స్కాన్‌కు ముందు చాలాచోట్ల క్రియాటినిన్ పరీక్ష అడిగేది అందుకే.

పెరుగుతున్న క్యాన్సర్ కణితి తన కోసం కొత్త రక్తనాళాలను తయారు చేసుకుంటుంది. అవి తొందరలో కట్టిన గొట్టాల్లాంటివి, కారుతుంటాయి. మందు ఒకటి రెండు నిమిషాల్లోనే కణితిలోకి చేరి, చాలాసార్లు అంతే త్వరగా వెనక్కి పోతుంది. ప్రమాదం లేని గడ్డల్లో ఎక్కువగా అది నెమ్మదిగా చేరుతూ పోతుంది. మందు ఇవ్వకముందు ఒకసారి, ఇచ్చాక కొన్ని నిమిషాల వ్యవధిలో పలుమార్లు చిత్రాలు తీస్తారు. ముందటి చిత్రాన్ని తర్వాతి వాటి నుంచి తీసివేస్తే, మందు చేరిన చోట్లు మాత్రమే మిగులుతాయి.

గదిలో ఏం జరుగుతుంది?

రొమ్ము ఎంఆర్ఐకి బోర్లా పడుకోవాలి. బల్లలో రెండు ఖాళీలు ఉంటాయి. రొమ్ములు వాటిలోకి సహజంగా జారితే కణజాలం విచ్చుకుంటుంది, ఊపిరి వల్ల వచ్చే కదలికా తగ్గుతుంది. సుమారు అరగంట కదలకుండా ఉండాలి. క్షేత్రాన్ని క్షణక్షణం మార్చే తీగచుట్టలు విద్యుత్తు మారినప్పుడల్లా అదురుతాయి. సుత్తితో కొట్టినట్టు వినిపించే శబ్దం అదే. చెవులకు రక్షణ ఇస్తారు.

గాజులు, మెట్టెలు, మంగళసూత్రం, పిన్నులు అన్నీ తీసేయాలి. పేస్‌మేకర్ వంటివి ఉంటే ముందే చెప్పాలి. స్కాన్ జరగకపోయినా అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 2018లో ముంబైలోని ఒక ఆస్పత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లిన వ్యక్తి ప్రాణాలు కోల్పోయాడు.

నెలసరి వచ్చే మహిళల్లో హార్మోన్ల ప్రభావంతో మామూలు కణజాలం కూడా మెరుస్తుంది. రెండో వారంలో ఇది తక్కువ. వీలైతే అప్పుడు చేస్తారు. క్యాన్సర్ తేలాక మాత్రం దీనికోసం చికిత్సను ఆలస్యం చేయరు.

ఎక్కువ కనిపిస్తే ఎక్కువ మేలా?

ఎంఆర్ఐ మిగతా పరీక్షల కంటే ఎక్కువ చూస్తుంది. అయితే అది చూపే ప్రతి మెరుపూ క్యాన్సర్ కాదు. హాని లేని ఫైబ్రోఅడినోమా కూడా మెరుస్తుంది. ఆ మెరుపు చూసి భయపడి రొమ్ము మొత్తం తీయించుకుంటే, అక్కర్లేని నష్టం జరిగినట్టే. తొలిదశలో కణితిని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్ము మొత్తం తీసినా బతికే అవకాశాల్లో తేడా లేదని అమెరికా, ఇటలీల్లో 20 ఏళ్లు సాగిన రెండు అధ్యయనాలు 2002లో తేల్చాయి.

మరి ఎంఆర్ఐ చేస్తే రెండోసారి ఆపరేషన్ అవసరం తగ్గుతుందా? బ్రిటన్‌లో 1,623 మంది మహిళలతో జరిపిన కామిస్ అధ్యయనం ఈ ప్రశ్ననే పరిశీలించింది. 2010లో వెలువడిన ఫలితాల ప్రకారం ఎంఆర్ఐ చేసినవారిలోనూ, చేయనివారిలోనూ మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు సుమారు 19 శాతమే.

అందుకే అందరికీ ఒకేలా ఈ స్కాన్ రాయరు. మామోగ్రామ్‌కు సరిగా చిక్కని లోబ్యులర్ రకం క్యాన్సర్ ఉన్నా, రొమ్ము కణజాలం దట్టంగా ఉండి హద్దులు తెలియకపోయినా, చంకలో గడ్డ ఉండి మూలం దొరకకపోయినా ఎంఆర్ఐ ఎంతో ఉపయోగపడుతుంది. ఆపరేషన్‌కు ముందు కీమో ఇచ్చేవారిలో కణితి ఎలా తగ్గుతోందో కూడా ఇది చూపుతుంది. కొన్ని కణితులు గుండ్రంగా కుంచించుకుపోతాయి, కొన్ని ముక్కలుగా చెదురుతాయి. రెండోది జరిగితే రొమ్మును నిలబెట్టడం కష్టం. కణితి పూర్తిగా కనుమరుగైనా చోటు తెలియడానికి కీమోకు ముందే అక్కడ చిన్న టైటానియం గుర్తు పెడతారు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా ఆపరేషన్ సాధారణంగా తప్పదు. కంటికి ఆనని కణాలు మిగిలి ఉండవచ్చు.

ఈ స్కాన్ రాసినప్పుడు డాక్టర్‌ను ఒక్క మాట అడగడం మంచిది: దీని ఫలితాన్ని బట్టి నా చికిత్సలో ఏది మారవచ్చు? రిపోర్టులో కొత్త మచ్చ కనిపిస్తే మళ్లీ అల్ట్రాసౌండ్‌తో వెతికి, సూదితో ముక్క తీసి పరీక్షించాలి. చికిత్స మార్చాలా వద్దా అన్నది ఆ ఫలితం వచ్చాకే తేల్చుకోవాలి.