సైకిలుకు విమానప్రయాణము

సైకిలు మనిషిని మోయుటకై పుట్టిన యంత్రము. దానినే మరియొక యంత్రము మోయవలసి వచ్చినపుడు దాని బలము అక్కరకు రాదు. ముందు ఫోర్కు పైనుండి 80 కిలోల మనిషి బరువును, రోడ్డు గుంటల కుదుపుతో సహా, భరించును. అదే ఫోర్కు చక్రము తీసివేసిన పిదప ప్రక్కనుండి ఒక బరువైన పెట్టె మీద పడినచో దగ్గరకు నొక్కుకొనిపోవును. సైకిలును విమానములో పంపువారు మొట్టమొదట మనసున నిలుపుకొనవలసిన విషయ మిదియే.

2002 జాతీయ క్రీడలకై ఉస్మానియా విశ్వవిద్యాలయములో నిర్మించిన వెలోడ్రోములో సాధన చేయువారు ఢిల్లీ పోటీలకు పోవలెనన్నను, ఔటర్ రింగు రోడ్డు ప్రక్కన 2023లో తెరచిన సౌరఫలకముల నీడబాటపై తొక్కుట మరిగినవారు మనాలి నుండి లేహ్ వరకు పోవలెనని ముచ్చటపడినను, సైకిలు శంషాబాదు చేరవలసినదే. 2008 మార్చిలో ప్రయాణికుల విమానములు బేగంపేట నుండి తరలిన తరువాత విమానాశ్రయము నగరమునకు దాదాపు 24 కిలోమీటర్ల దూరమైనది. సైకిలుపైననే పోయి అచ్చట విప్పుకొందమను ఆలోచన యువకులకు కలుగవచ్చును. పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే పైకి ద్విచక్రవాహనములను రానీయరు. క్రింద అత్తాపూరు, ఆరాంఘరుల మీదుగా లారీల నడుమ పోవలెను. పోయినను, ఖాళీ పెట్టె అచ్చటి కెట్లు వచ్చును? ముందురోజు పగటివేళ ఇంటివద్దనే తీరికగా కట్టుకొనుట మేలు.

పెట్టెకై కొత్తగా ఖర్చు పెట్టనక్కరలేదు. కొత్త సైకిళ్ళు దుకాణములకు సగము విప్పిన స్థితిలో అట్టపెట్టెలలోనే వచ్చును. దుకాణదారుని రెండు రోజుల ముందు అడిగినచో ఒకటి దాచి ఉంచును. పెట్టెతోపాటు ఫోర్కు కొనల నడుమ బిగించి వచ్చు చిన్న ప్లాస్టికు దిమ్మను కూడ అడుగుడు. దుకాణములో దానిని చెత్తలో వేయుదురు గాని మనకు పెట్టెకంటె అదియే విలువైనది. అది దొరకనిచో ఇరుసు పొడవునకు సరిగా కోసిన కర్రముక్క చాలును.

అట్ట యనగా తేలికగా చూడరాదు. రెండు చదునైన కాగితముల నడుమ అలలుగా మడచిన కాగితము అతికించి ఉండును. ఆ అలలు నిలువుగా నిలిచినపుడు వరుసగా పాతిన సన్నని స్తంభముల వలె బరువు మోయును. తడిసినచో ఆ స్తంభములు మెత్తబడిపోవును. కావున వానకాలమున పెట్టె లోపలి అడుగున మందమైన ప్లాస్టికు పరచి, వెలుపలి అంచులకు టేపు రెండు వరుసలుగా వేయవలెను.

ఇక విప్పుట. పెడళ్ళ వద్దనే చాలమంది తంటాలు పడుదురు. కుడి పెడలు మామూలు మరవలె ఎడమకు త్రిప్పగా వదులగును. ఎడమ పెడలు మర తిరుగుడు విరుద్ధము, దానిని కుడికి త్రిప్పవలెను. తొక్కునపుడు కలుగు ఒత్తిడికి పెడలు తనంతట తానే ఊడిపోకుండ ఈ ఏర్పాటు చేసినారు. తెలియక బలమంతయు ఉపయోగించి తప్పు దిక్కున త్రిప్పువారు దానిని మరింత బిగించుకొందురు. జ్ఞాపకమునకు సులభమైన గుర్తు: పానాను పైకి నిలువుగా పెట్టి, ఏ పెడలునైనను వెనుక చక్రము వైపునకు లాగినచో ఊడివచ్చును.

సీటు గొట్టమును దించుటకు ముందు దాని ఎత్తు వద్ద టేపు ముక్క అంటించుడు. ముందు చక్రము తీసి ఫోర్కు కొనల నడుమ దిమ్మను బిగించుడు. హ్యాండిలును విప్పి, తీగలు మడతపడకుండ పై గొట్టమునకు ప్రక్కగా కట్టుడు. డిస్కు బ్రేకులున్నచో బ్రేకు పలకల నడుమ అట్టముక్క దూర్చవలెను. లేనిచో దారిలో ఎవరి చేయియో బ్రేకుపై పడి పలకలు దగ్గరకు చేరి, చక్రము మరల ఎక్కదు. వెనుక గేరు మార్చు యంత్రమును, అనగా డిరైలరును, దాని కొక్కెము నుండి విప్పి గుడ్డ చుట్టి లోపలివైపునకు కట్టుట అన్నిటికంటె ముఖ్యము. ఆ కొక్కెము కొద్దిగా వంగినను కంటికి తెలియదు. కొండ ఎక్కునపుడు చిన్న గేరు వేయగానే డిరైలరు వెనుక చక్రపు పుల్లలలోనికి పోయి చక్రము పట్టివేయవచ్చును.

గొట్టములకు ఏ.సి. మెకానికులు వాడు నల్లని నురగ తొడుగు తొడిగినచో గీతలు పడవు. ముందు చక్రమును ప్రక్కన చేర్చి, దాని ఇరుసు కొనలకు అట్టబిళ్ళలు పెట్టి, కదలకుండ కట్టవలెను. పెట్టెను ఊపి చూడుడు. లోపల చప్పుడు వినిపించినచో మరల తెరువుడు. "పగులును, జాగ్రత్త" అని వ్రాసిన కాగితముపై నమ్మకముంచరాదు. పెట్టెను పడుకోబెట్టి దానిపై వేరు సామానులు పేర్చుదురనియే భావించి కట్టవలెను.

టైర్లలో గాలి తీయవలెనని విమాన సంస్థలు కోరును. ఎత్తునకు పోగా టైరు ప్రేలునని జనులు భయపడుదురు గాని, సామాను గది కూడ లోపలి గదివలెనే ఒత్తిడి నిలుపబడిన చోటు. అచ్చటి ఒత్తిడి మిక్కిలి తగ్గినను 8,000 అడుగుల ఎత్తున ఉండు గాలివలె ఉండును. 100 పౌండ్ల గాలి ఉన్న టైరులో అది సుమారు 4 పౌండ్లు మాత్రమే పెంచును. మే నెల ఎండలో విమానము ప్రక్కన ఆగిన బండిపై టైరు 25 డిగ్రీల నుండి 50 డిగ్రీలకు వేడెక్కినచో పెరుగునది దాదాపు 10 పౌండ్లు! ఆకాశముకంటె నేలయే ఎక్కువ పని చేయుచున్నదన్న మాట. నియమము పాటించి సగము గాలి తీయుడు, పూర్తిగా తీయవద్దు. మిగిలిన గాలి రిమ్మును దెబ్బనుండి కాపాడును.

విద్యుత్ సైకిలు సంగతి వేరు. 160 వాట్-అవర్లు మించిన లిథియం బ్యాటరీని ప్రయాణికుల సామానులో అనుమతించరు. సాధారణముగా విద్యుత్ సైకిలు బ్యాటరీ ఆ హద్దు దాటును.

బరువు లెక్కలో ఒక మెలిక కలదు. దేశీయ విమానములలో చాలవరకు 15 కిలోలు ఉచితము. 12 కిలోల సైకిలు, పెట్టెతో కలిపి, ఆ హద్దు వద్దకు వచ్చును. సరకుగా పంపినచో మాత్రము పరిమాణమును బట్టి లెక్క కట్టుదురు. 140, 80, 20 సెంటీమీటర్ల పెట్టె 2,24,000 ఘన సెంటీమీటర్లు. వాడుకలో ఉన్న 6,000తో భాగించగా 37 కిలోలు దాటును. సైకిలుకంటె దాని చుట్టునున్న గాలికే ఎక్కువ రుసుము! మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండుతో తూగు మామూలు సైకిలైనచో, నా మాట వినదలచినవారు సికింద్రాబాదు పార్సెలు కార్యాలయమునకు పోయి రైలులో వేయుదురు గాక.

విమాన సంస్థకు టిక్కెట్టు కొన్ననాడే సైకిలు సంగతి తెలుపుడు. పానాలు, ఆలెన్ కీలు చేతిసంచిలో పెట్టుకొన్నచో తనిఖీలో ఆపుదురు, పెట్టెలోనే ఉంచుడు. తనిఖీకి తెరువుమనినచో మరల మూయుటకు టేపు చుట్ట మాత్రము చేతిలో ఉంచుకొనుడు.

దిగిన పిదప పెట్టె చిరిగి ఉన్నచో విమానాశ్రయము విడువకముందే తెరచి చూచి, ఛాయాచిత్రములు తీసి, సంస్థవారికి వ్రాతమూలముగా తెలుపవలెను. అంతర్జాతీయ ప్రయాణములో నష్టమును గూర్చి వ్రాయుటకు 7 రోజుల గడువు కలదు. కార్బను ఫోర్కుపై వెంట్రుకవంటి గీత కనబడినను, బోలుచప్పుడు వినిపించినను, దానిపై ఎక్కవద్దు. ఇనుము వంగి హెచ్చరించును, కార్బను చెప్పకుండ విరుగును. అంతయు సరియైనచో మరలు బిగించి, బ్రేకులు పట్టి చూచి, చదునైన వీధిలో నాలుగు గేరులు మార్చి చూచిన తరువాతనే ఘాటు రోడ్డుకు పోవలెను. పెట్టెను పారవేయక మడచి బస చేసిన చోట అప్పగించుడు; తిరుగు ప్రయాణమునకు అదియే కావలెను.